మడత విప్పని పటం కోసం చెన్నైకి

ఏడేళ్లుగా హూకర్ పుస్తకాన్ని ఫోన్‌లోనే చదువుతున్నాను. ఇంగ్లీషు వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ డాల్టన్ హూకర్ రాసిన ‘హిమాలయన్ జర్నల్స్’ 1854లో లండన్‌లో రెండు సంపుటాలుగా వచ్చింది. సిక్కిం, తూర్పు నేపాల్, ఖాసీ కొండల్లో ఆయన నడిచిన నడకంతా అందులో ఉంది. చెట్లు, జంతువులు, మంచు, మనుషులు, వంతెనలు అన్నీ ఉన్నాయి. ఎవరో పుణ్యం కట్టుకుని స్కాన్ చేసి నెట్‌లో పెట్టారు. కానీ స్కాన్ చేసేటప్పుడు మడత పెట్టిన పటాన్ని విప్పలేదు. సిక్కిం పటం ఉండాల్సిన చోట మడతల మీద మడతలు పడిన కాగితం వీపు ఒక్కటే కనిపిస్తుంది. పేజీ తిప్పిన ప్రతిసారీ ఆ వీపు చూసి నిట్టూర్చేదాన్ని.

నేను నెల్లూరులో డిగ్రీ పిల్లలకు బోటనీ చెబుతాను. రెండు సంపుటాలూ అసలు ముద్రణలోనే ఉన్న ఒక పెద్దాయన చెన్నై చింతాద్రిపేటలో ఉన్నారని, తెలుగువారేనని మా గురువుగారు ఈ మధ్య చెప్పారు. పరీక్షలకు ముందు నాలుగు రోజులు సెలవు దొరకగానే బయల్దేరాను.

నవంబరు 14, శుక్రవారం. పెరంబూరు

పిన్ని వాళ్ల ఇంటికి చేరేసరికి సాయంత్రం ఆరయింది, సన్నగా వాన. బాబాయి రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. పిన్ని మద్రాసుకు వచ్చి నలభై ఏళ్లు దాటింది. ఆమె తెలుగులో ప్రతి నాలుగో మాటా అరవం. తలుపు తీస్తూనే “రొంబ నానిపోయినావే, ముందు తల తుడుచుకో” అంది.

వంకాయ వేపుడు, మిరియాల చారు, అప్పడం. వానలో వచ్చినదానికి ఇంతకంటే ఏం కావాలి! ఎందుకొచ్చానో చెబితే బాబాయి శ్రద్ధగా విన్నారు. పిన్ని మాత్రం కంచంలో రెండోసారి చారు పోస్తూ, “అంత చలిలో ఆ మనిషి ఏం తిన్నాడో రాసినాడా?” అని అడిగింది.

నాకు ఆ ప్రశ్న ఎంత నచ్చిందో! హూకర్ కొండల ఎత్తు కొలిచిన పద్ధతుల్లో ఒకటి వంటింటి పద్ధతే. నీళ్లు మరిగించి, ఎన్ని డిగ్రీల దగ్గర మరిగాయో థర్మామీటరుతో చూసేవాడు. పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. వెయ్యి అడుగులకు దాదాపు ఒక డిగ్రీ సెల్సియస్ తేడా. ఆయన ఎక్కిన దోంకియా కనుమ ఎత్తు ఆయన లెక్కలో 18,466 అడుగులు. అక్కడ నీళ్లు ఎనభై రెండు డిగ్రీల దగ్గరే తెర్లుతాయి. “అయితే పప్పు ఉడకదు” అంది పిన్ని వెంటనే. అవును, అంత ఎత్తున కుక్కరు లేకుండా పప్పు ఉడకదు.

హూకర్ డార్జిలింగ్ చేరింది 1848లో. అప్పటికి ముప్పై ఏళ్లవాడు. అంతకుముందే జేమ్స్ రాస్ నౌకాయాత్రలో దక్షిణ ధ్రువం వైపు నాలుగేళ్లు తిరిగి వచ్చాడు. డార్విన్‌కు ప్రాణస్నేహితుడు. జాతులు మారుతాయన్న తన ఆలోచనను డార్విన్ మొదట్లోనే, 1844లో, ఉత్తరం రాసి చెప్పుకున్న మనిషి ఈయన. పదేళ్ల తర్వాత ఈ పుస్తకాన్ని హూకర్ డార్విన్‌కే అంకితమిచ్చాడు. బాబాయి ఇదంతా విని, “అంత పెద్దమనిషి పుస్తకం మన చింతాద్రిపేటలోనా?” అన్నారు. పడుకునేదాకా నాకూ అదే ఆశ్చర్యం.

నవంబరు 15, శనివారం. మూర్ మార్కెట్, ఆపైన తప్పుదారి

పెద్దాయన్ని మధ్యాహ్నం మూడింటికి కలవాలి. పొద్దున్నే లోకల్ రైలెక్కి సెంట్రల్‌లో దిగాను. ఐదు రూపాయల టికెట్టు. స్టేషన్ పక్కన ఉండే పాత మూర్ మార్కెట్ 1985 మేలో తగలబడిపోయింది. పుస్తకాల అంగళ్లవాళ్లు ఆ తర్వాత దగ్గర్లోనే అల్లికుళం కాంప్లెక్స్‌కు మారారు. జనం దాన్ని ఇప్పటికీ మూర్ మార్కెట్ అనే అంటారు.

నేను ఊహించుకున్నది వేరు. చాలా అంగళ్లలో ఉన్నవి పోటీ పరీక్షల పుస్తకాలు, ఇంజనీరింగ్ గైడ్లు, నీట్ ప్రశ్నపత్రాలు. వాటి మధ్య ఇరుకు దారి. ఒక చోట మాత్రం లోపలి అరల్లో పాత అట్టలు కనబడ్డాయి. అంగడాయన నా అరవం వినగానే తెలుగులోకి మారాడు. వాళ్ల తాతది చిత్తూరు వైపట. “హిమాలయాలా? ఉండండి మేడం” అని స్టూలెక్కి, దుమ్ము దులిపి ఒక లావాటి పుస్తకం తీశాడు.

హూకరే! గుండె దడదడలాడింది. కానీ రెండు సంపుటాలు కాదు, ఒక్కటే. పేరు పేజీ తిప్పితే 1891, మినర్వా లైబ్రరీ వరుసలో వచ్చిన చవక ముద్రణ. అచ్చు ఇరుకు, కాగితం అంచులు పెళుసు, వెన్ను ఊడిపోయి దారాలు బయటికొచ్చాయి. పటం లేదు. ఎక్కడైనా చింపిన గుర్తు ఉందేమోనని చివరిదాకా వెతికాను.

మూడున్నర వేలు చెప్పాడు. నాకు బేరం చేతకాదు. “ఇందులో పటం లేదు కదండీ” అన్నాను, అంతే. ఆయన పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “చదివేవాళ్ల చేతికి పోతోంది, రెండువేల రెండొందలివ్వండి” అన్నాడు. ఇచ్చేశాను. వాన పడుతోందని రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, మూతి రబ్బరు బ్యాండుతో బిగించి ఇచ్చాడు. వద్దంటున్నా టీ తెప్పించాడు.

అక్కణ్నుంచి చింతాద్రిపేట ఆటోలో పది నిమిషాలు కూడా లేదు. నేను మాత్రం రెండు గంటలు తిరిగాను. చెన్నైలో ఇంటికి పాత నంబరు ఒకటి, కొత్త నంబరు ఒకటి ఉంటుంది. నా దగ్గరున్న కాగితంలో ఒకటే నంబరుంది. అది పాతదో కొత్తదో రాయలేదు. కొత్తదనుకుని వెళ్తే స్టీలు సామాన్ల గోడౌను వచ్చింది. పాతదనుకుని వెతికితే ఆ నంబరు ఇంటి చోట మూడంతస్తుల అపార్ట్‌మెంటు లేచింది. ఫోన్ చేస్తే మోగుతోంది కానీ ఎవరూ ఎత్తడం లేదు. వాన పెరిగింది, వీధిలో నీళ్లు చీలమండలదాకా వచ్చాయి. చేతిలో వందేళ్లు దాటిన పుస్తకం. నాకు టెన్షనంతా దాని గురించే.

ఆదిపురీశ్వరర్ గుడి, ఆదికేశవ పెరుమాళ్ గుడి ఇక్కడ పక్కపక్కనే ఉన్నాయి. గుడి అరుగు మీద పూలమ్ముతున్న ఆవిడ నన్ను పిలిచి తన టార్పాలిన్ కింద కూర్చోబెట్టుకుంది. ఆమెదీ తెలుగే. “ఈ పేటలో సగం తెలుగోళ్లమేమ్మా, పాతకాలం నుంచి” అంది. 1734లో కంపెనీవాళ్లు సుంకురామ శెట్టి తోట ఉన్న ఈ చోట నేతగాళ్లను, నూలు వడికేవాళ్లను తెచ్చి కాపురం పెట్టించారు. చిన్న తరి పేట అంటే చిన్న మగ్గాల పేట, పలకగా పలకగా చింతాద్రిపేట అయింది. పెద్దాయన పేరు చెప్పగానే ఆవిడ, “పుస్తకాల తాతా? వెనక సందు. ఇప్పుడు నిద్రపోతుంటాడు, చెవుడు కూడా. రేపు పొద్దున పో” అంది.

సాయంత్రం బీచ్ స్టేషన్ దగ్గర బర్మా బజారు వీధిలో అత్తో తిన్నాను. బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు తెచ్చిన తిండి ఇది. నూడుల్స్‌లో క్యాబేజీ, వేయించిన ఉల్లి, చింతపండు రసం, కారం వేసి చేత్తోనే కలిపి పెడతారు. పక్కన అరటి బోదె వేసిన వేడి సూపు. తడిసిన ఒంటికి ఆ సూపు పోయాక ప్రాణం లేచొచ్చింది.

నవంబరు 16, ఆదివారం. చింతాద్రిపేట

పొద్దున తొమ్మిదికి వెనక సందుకు వెళ్లాను. మిద్దె మీద చిన్న వాటా. తలుపు తీసింది ఆయన భార్య. నిన్న నేను చేసిన ఫోన్లు ఆమె రాత్రి చూసి బాధపడిందట. “వానలో తిరిగావా తల్లీ” అని రెండు చేతులూ పట్టుకుంది.

ఆయనకు ఎనభై దాటాయి. ప్రెస్సులో ప్రూఫ్‌రీడరుగా పనిచేశారు. ఈ రెండు సంపుటాలను 1974లో పాత మూర్ మార్కెట్‌లో నలభై రూపాయలకు కొన్నారు. “అప్పట్లో నాకు నెలకు రెండొందల ఎనభై. ఈవిడ పది రోజులు మాట్లాడలేదు” అన్నారు. ఆవిడ వంటింట్లోంచే, “పది కాదు, నాలుగు” అంది.

పుస్తకాలు చెక్కపెట్టెలో, ఉతికిన పాత పంచెగుడ్డలో ఉన్నాయి. గుడ్డ విప్పగానే వస కొమ్ము వాసన. ఎండు వేపాకు కూడా వేశారు. తోలు అట్ట పొడిపొడిగా రాలుతోంది, ముట్టుకుంటే వేళ్లకు ఎర్రగా అంటింది. ఆయన నా చేత చేతులు కడిగించి, తుడుచుకోమని, దిండు మీద పుస్తకం పెట్టి సగం వరకే తెరిచారు. పూర్తిగా తెరిస్తే వెన్ను విరుగుతుందట. చిత్రాల మీది పల్చని కాగితం ఇంకా అలాగే ఉంది. దాన్ని ఆయన ఉఫ్‌మని ఊది లేపారు, వేలితో లేపలేదు.

కింద దోంకియా కనుమ నుంచి కనిపించే టిబెట్టు, చోలామూ సరస్సు. స్క్రీన్ మీద బూడిద రంగు ముద్దలా ఉండేది. ఇక్కడ దూరపు కొండ ఒక రంగు, దాని వెనక కొండ ఇంకొంచెం లేత రంగు. గాలి ఎంత పల్చగా ఉండేదో కంటికి తెలుస్తోంది.

నాకు బాగా ఇష్టమైన పేజీ రెండో సంపుటంలో ఉంది. లాచెన్ లోయ పైన, పద్నాలుగు వేల అడుగుల ఎత్తున, నల్లటి రాతి గోడల మీద మైలు దూరం నుంచి కనిపించే మొక్క గురించి రాసిన చోటు అది. హూకరే దానికి రియమ్ నోబైల్ అని పేరు పెట్టాడు. గజం పైన ఎత్తు, గోపురంలా ఉంటుంది. ఒకదాని మీద ఒకటి కప్పుకున్న ఎండుగడ్డి రంగు పత్రాలు, వెలుతురు లోపలికి దిగేంత పల్చన. ఆ పత్రాల మాటున పూలు వెచ్చగా ఉంటాయి. అద్దాల ఇంట్లో పెట్టినట్టు ఆ మొక్క తన పూలను చలి నుంచి, కొండ మీది మండే ఎండ నుంచి తానే కాపాడుకుంటుంది. పుల్లగా ఉండే దాని కాడల్ని అక్కడివాళ్లు తింటారని, చూకా అంటారని హూకర్ రాశాడు.

ఆ మాట పైకి చదివాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, “మళ్లీ చదువు” అన్నారు. చదివాను. ఆయన వంటింటి వైపు తిరిగి గట్టిగా, “ఇవాళ పప్పులో ఏం వేశావు?” అని కేకేశారు.

“చుక్కకూర” అంది ఆవిడ.

చుక్కకూర, ఈ కొండ మొక్క రెండూ ఒకే కుటుంబం. మందుల అంగట్లో దొరికే రేవల్చిన్ని కూడా వీటి తోబుట్టువే. ఇరవై ఏళ్లుగా పిల్లలకు ఈ కుటుంబం లక్షణాలు బోర్డు మీద రాసి చెబుతున్నాను. కణుపు దగ్గర కాడను చుట్టుకునే పొర, మూడంచుల గింజ, ఆకులో పులుపు. సిక్కిం కొండల చూకాను, మా వంటింటి చుక్కకూరను పక్కపక్కన పెట్టి చూడాలని ఒక్కరోజైనా తట్టలేదు నాకు. మాట కూడా ఎంత దగ్గర! సంస్కృతంలో పులుపును చుక్రం అంటారు, హిందీవాళ్లకు ఈ కూరే చూకా.

మధ్యాహ్నం కింద కూర్చుని తిన్నాం. చుక్కకూర పప్పులో వెల్లుల్లి తాలింపు, ఊరమిరపకాయలు, గట్టి పెరుగు. ఆవిడ నెయ్యి వేస్తూనే ఉంది, చాలంటే వినలేదు. తిన్నాక కాడ ఒకటి పచ్చిది తెచ్చి నా చేతిలో పెట్టింది. కొరికితే పళ్లు జివ్వుమన్నాయి.

ఆ తర్వాతే పటం. ఆయన మంచం మీద తెల్ల దుప్పటి పరిచారు. “ముందు నిలువు మడతలు, తర్వాత అడ్డం. మూసేటప్పుడు దీనికి తిరగేసి” అని చెబుతూ ఒక్కో మడతా విప్పారు. మధ్య మడత దగ్గర చిరిగితే వెనక పల్చని కాగితం అతికించారు. మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపి, పురుగు పట్టకుండా. బైండింగువాళ్ల దగ్గర నేర్చుకున్న పని అది.

సిక్కిం మొత్తం నా ముందు పరుచుకుంది. తీస్తా, లాచెన్, లాచుంగ్, చోలా, దోంకియా. కొండల వాలుకు సన్నని గీతలు. ఏడేళ్లు వీపే చూసిన కాగితానికి ముఖం ఇది. ఈ పటాన్ని హూకర్ ఎక్కడో కూర్చుని గీయలేదు. ఒక్కో కొండ ఎక్కి, దిక్కు చూసి, కోణం రాసుకుని, నీళ్లు మరిగించి కొలిచిన లెక్కలు ఇవి. ఆయన వెంట సిక్కిం రాజు పంపిన లెప్చా తెగ మనిషి మీపో, మూటలు మోసేవాళ్ల పెద్ద నింబో నడిచారు. వాళ్ల పేర్లు ఆయన మర్చిపోకుండా రాశాడు. కించిన్ అనే నల్ల కుక్క కూడా వెంట ఉండేది. తీగ వంతెన మీద కాలు జారి నదిలో పడి కొట్టుకుపోయింది. ఆ చోటు చదివినప్పుడల్లా నాకు కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. పటం మీద ఆ నదుల వెంట వేలు ఆనించకుండా గాల్లోనే తిప్పుకుంటూ పోయాను.

“రేపు రా, డ్రాయింగ్ షీటు తెచ్చుకుని చూసి గీసుకో” అన్నారు ఆయన. ఫోన్‌తో ఫొటో తీసుకోమని కూడా అన్నారు. తీసుకున్నాను. గీసుకోవడం మానబుద్ధి కాలేదు.

నవంబరు 17, సోమవారం. కాలేజ్ రోడ్డు, మళ్లీ చింతాద్రిపేట

పొద్దున కాలేజ్ రోడ్డులోని మద్రాస్ లిటరరీ సొసైటీకి వెళ్లాను. 1812లో పెట్టిన సంస్థ, ఎర్రటి పాత కట్టడం. లోపల కప్పుదాకా ఇనప అరలు, వాటి మీదికి ఎక్కడానికి నిచ్చెనలు. శిథిలమైన పుస్తకాన్ని ఎవరైనా ఒకరు దత్తత తీసుకుని బాగు చేయించే పద్ధతి వీళ్లు పెట్టారు. నాకు అక్కడ వేరే పనేం లేదు, మా నెల్లూరు కోసం వెళ్లాను. పక్షుల మీద, జంతువుల మీద గొప్ప పుస్తకాలు రాసిన డాక్టర్ థామస్ జెర్డన్ నెల్లూరులో సర్జన్‌గా ఉన్నాడు. దక్షిణ దేశపు పక్షుల పట్టికను ఆయన 1839, 40ల్లో ఈ సొసైటీ పత్రికలోనే వరుసగా అచ్చువేశాడు. మన కడప కొండల దగ్గరి కలివికోడికి ఇంగ్లీషు పేరులో ఉన్నది ఆయనే. పోయిందనుకున్న ఆ పక్షి 1986లో లంకమల దగ్గర మళ్లీ కనబడింది. ఒక గంట కూర్చుని, ఆ చల్లదనం, ఆ పాత కాగితం వాసన మనసులో నింపుకుని లేచాను.

పదకొండుకల్లా చింతాద్రిపేట. పటం దుప్పటి మీద, నా షీటు పక్కన పీట మీద. మూడు గంటలు పట్టింది. గీస్తుంటే తెలిసింది, తీస్తా ఎన్ని వంకరలు తిరుగుతుందో.

మధ్యలో పెద్దాయనతో ఒక విషయం మాట్లాడాను. నేను ఈ పుస్తకాన్ని ఎంత ప్రేమిస్తానో, ఒక సంగతి దగ్గర అంత ఇబ్బంది పడతాను. సిక్కిం దర్బారు వద్దంటున్నా హూకర్, డార్జిలింగ్ అధికారి క్యాంప్‌బెల్ సరిహద్దు దాటి టిబెట్టులోకి పోయారు. 1849 నవంబరులో ఇద్దరినీ పట్టుకుని బంధించారు. డిసెంబరు ఆఖరుకు వదిలారు. దాన్ని సాకుగా పెట్టుకుని ఈస్టిండియా కంపెనీ సిక్కిం రాజు నుంచి తరాయి భూమి, అంటే కొండల కింది పల్లపు నేల, లాగేసుకుంది. అంటే ఈ పటం మీది దారులు గీసిన నడకే ఆ రాజుకు భూమి పోవడానికి ఒక కారణమైంది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “పుస్తకం మంచిదే అమ్మా. రాసినవాడు చేసింది కూడా దాంట్లోనే ఉంది కదా, దాచలేదు. చదివేవాళ్లం రెండూ చదవాలి” అన్నారు. నాకూ అలాగే అనిపిస్తుంది. పిల్లలకు చెప్పేటప్పుడు రియమ్ నోబైల్‌తో పాటు తరాయి సంగతి కూడా చెబుతాను.

వెళ్లేటప్పుడు ఆవిడ ఎండు చుక్కకూర గింజలు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది. ఆయన మెట్ల దాకా వచ్చి, “మడత మర్చిపోకు” అన్నారు.

నవంబరు 18, మంగళవారం. నెల్లూరు

మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. మొదట మూర్ మార్కెట్ పుస్తకాన్ని కవర్లలోంచి తీసి, ఒక మూల తడి తగిలిన నాలుగు పేజీల మధ్య తెల్ల కాగితాలు పెట్టి ఫ్యాన్ కింద ఉంచాను. రాత్రి అన్నాలయ్యాక షీటు తీసి పుస్తకం ఎత్తుకు సరిపోయేలా అంచులు కత్తిరించాను. మా అబ్బాయి పక్కన కూర్చుని చోలామూ సరస్సుకు నీలం పెన్సిలు వేశాడు. మొదటిసారి అడ్డం మడత ముందు పడింది. విప్పి, ఇస్త్రీపెట్టె సన్న వేడి మీద నొక్కి, మళ్లీ మొదలుపెట్టాను. ముందు నిలువు, తర్వాత అడ్డం.